సంఘానికి పాలకుడు కావాలా? – ఫిల్మ్ నగర్ చూపే పాఠము

(సభ్య విద్యా విభాగము)

సభ్య సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను, ఉదయం సాయంత్రం కేంద్రానికి వచ్చి పాలు పోసే సభ్యులను ఉద్దేశించి ఈ పాఠమును వ్రాస్తున్నాము. దీనిని మహాజన సభకు ముందుగా ఒకసారి చదివి వినిపించి, చివర ఇచ్చిన ప్రశ్నలపై చర్చ జరిపితే ప్రయోజనం ఉంటుంది.

తనిఖీ నిమిత్తము గ్రామాలకు వెళ్ళినప్పుడు ఒక మాట మా చెవిని తరచుగా పడుతూ ఉంటుంది. “పెద్దాయన ఉన్నన్నాళ్ళూ సంఘం సజావుగా నడిచిందండీ. ఆయన పోయాక ఎవరి మాట ఎవరూ వినడం లేదు. మాకొక పెద్ద కావాలి.” ఈ మాటలో బాధ ఉన్నది, అబద్ధం లేదు. అయితే దీని వెనుక ఒక నమ్మకం కూడా ఉన్నది. మనుషులు పుట్టుకతోనే ఎక్కువ తక్కువలుగా పుడతారని, పైనున్నవాడు చెప్పాలని, క్రిందనున్నవాడు చేయాలని, అది ప్రకృతి ధర్మమని ఆ నమ్మకం. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు అన్న సామెత కూడా దానినే చెబుతుంది.

ఇదే నిజమైతే సహకార సంఘమనేది ప్రకృతికి విరుద్ధమైన ఏర్పాటు అనుకోవలసి వస్తుంది. ఎందుకనగా మన సంఘంలో పది గేదెలున్న మోతుబరికీ ఒక్క ఓటే, ఒక్క ఆవు పెట్టుకొని బ్రతికే కూలి మనిషికీ ఒక్క ఓటే. కావున ఈ ప్రశ్నను తీరిక వేళ కబురుగా కాక, మన సంఘం పునాదికి సంబంధించిన ప్రశ్నగా తీసికొని పరిశీలిద్దాము.

1. పశువులలో పెద్దరికం

పశువుల సంగతి మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. నాలుగు గేదెలను ఒక తొట్టి దగ్గర కట్టి దాణా పోస్తే, వాటిలో ఒకటి మిగిలినవాటిని కుమ్మి ముందు తానే మేస్తుంది. కోళ్ళలోనూ అంతే. ఏ కోడి ఏ కోడిని పొడవవచ్చునో ఒక వరుస ఉంటుందని నార్వే దేశపు శాస్త్రజ్ఞుడొకరు సుమారు నూరేళ్ళ క్రితమే గమనించి ప్రకటించారు. ఎక్కువ తక్కువలు ప్రకృతిలోనే ఉన్నవనుటకు దీనినే సాక్ష్యంగా చూపుతూ ఉంటారు.

కాని మందను మేతకు తోలుకొని వెళ్ళేటప్పుడు గమనించండి. బాట పట్టి ముందు నడిచే పశువు, తొట్టి దగ్గర కుమ్మే పశువు ఒకటే కానక్కరలేదు. చెరువు దారి తెలిసిన ముసలి గేదె ముందు నడుస్తుంది, తక్కినవి దాని వెనుక నడుస్తవి. అది ఎవరినీ కుమ్మదు. ముందు నడవడం వేరు, కుమ్మడం వేరు.

తోడేళ్ళ విషయంలో శాస్త్రమే తన మాటను దిద్దుకొన్నది. బోనుల్లో పెట్టిన తోడేళ్ళు కొట్లాడుకొనుట చూసి, ప్రతి గుంపుకూ కొట్లాటలో గెలిచిన ఒక నాయకుడుంటాడని పూర్వం వ్రాశారు. ఆ భావన 1970లో వచ్చిన డేవిడ్ మీచ్ పుస్తకం ద్వారా బాగా ప్రచారమైనది. ఆ మీచ్ గారే అడవిలో ఏళ్ళ తరబడి చూసిన మీదట, ఆ గుంపు మామూలుగా తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమే గాని కొట్లాడి గెలిచిన రాజు, ఓడిన ప్రజలు కాదని 1999లో ప్రకటించారు. బోనులోని పశువును చూసి అడవి నియమం చెప్పరాదు. పశువును చూసి మనిషి నియమం చెప్పుట ఇంకా కష్టము.

2. మనుషులలో రాజు ఎప్పుడు వచ్చాడు?

రాజు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని, దానినే మత్స్యన్యాయమంటారని మన పూర్వులు చెప్పారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోను ఈ వాదన ఉన్నది. బలహీనునికి రక్షణ కావాలన్నంత వరకు ఈ వాదన సరియైనదే. అయితే ఆ రక్షణ రాజు వల్లనే కలగాలా అన్నది తేలవలసి ఉన్నది.

మన నల్లమలలోని చెంచులను చూడండి. 1940 ప్రాంతంలో వారి మధ్య ఉండి పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ గారు 1943లో వారిని గురించి పుస్తకం ప్రకటించారు. చెంచు పెంటలో పెద్దమనిషి ఉంటాడు. తగవు వస్తే అతని మాట వింటారు. కాని ఆజ్ఞాపించి చేయించే అధికారం అతనికి పెద్దగా లేదు. నచ్చనివారు మూట కట్టుకొని బంధువులున్న మరో పెంటకు వెళ్ళిపోగలరు. ఇదే తెలుగు నేల ఉత్తరపు కొసన ఆదిలాబాదు గోండులకు రాజులు ఉండేవారు. రెండూ అడవి జాతులే. ఒక చోట రాజున్నాడు, మరొక చోట లేడు. రాజరికం ఆకలి దప్పుల వంటి ప్రకృతి నియమమే అయితే ఈ తేడా ఉండరాదు.

మరొక ఉదాహరణ మన చెరువులది. రామప్ప, పాఖాల వంటి పెద్ద చెరువులను కాకతీయుల కాలంలో త్రవ్వించారు. త్రవ్వించినవారు పాలకులే. కాని ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో రోజువారీగా చూసినవాడు నీరటి. అతడు దొర కాదు, భూస్వామి కాదు. అయినా తూము దగ్గర అతని మాట చెల్లేది. ఆ మాట తూము దాటి బయటకు రాదు. పంట చేతికి వచ్చినాక రైతులు ఇచ్చే గింజలే అతని జీతము. ఇటువంటి అధికారమును మేము పని పెద్దరికమని పిలుస్తాము. రాజరికానికీ దీనికీ గల తేడాయే ఈ పాఠానికి కీలకము.

3. ఫిల్మ్ నగర్‌కు ఎందుకు వెళ్ళాలి?

పాల సంఘాల పత్రికలో సినిమావారి ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చును. కారణం ఉన్నది. హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అని నేడు పిలిచే ఆ బండరాళ్ళ గుట్టలు ఊరుగా మారినది సహకార గృహ నిర్మాణ సంఘాల ద్వారానే. తెలుగు సినిమా మద్రాసు నుండి హైదరాబాదుకు తరలివచ్చినాక పరిశ్రమ అంతా అక్కడ కుదురుకొన్నది. తెలుగు ఫిల్మ్ ఛాంబరు అక్కడే ఉన్నది. ఎక్కువ తక్కువలు అంత స్పష్టంగా కంటికి కనబడే చోటు మరొకటి అరుదు. కోట్లు తీసికొనే కథానాయకుడు, రోజు కూలికి లైటు మోసే కార్మికుడు ఒకే ఆవరణలో పనిచేస్తారు. ఒకరి ఇల్లు గుట్ట మీద, మరొకరిది కృష్ణానగర్‌లో అద్దె గది.

షూటింగు జరిగే చోట దర్శకుడు చెప్పినదే వేదము. కాని లైటు ఎక్కడ పెట్టాలో ఛాయాగ్రాహకుడు చెబుతాడు. పోరాట దృశ్యంలో ఫైట్ మాస్టరు ఆగమంటే పెద్ద హీరో అయినా ఆగుతాడు. ఆగకపోతే ఎముక విరుగుతుంది. ఎవరి పనిలో వారు పెద్ద. ప్యాకప్ చెప్పగానే ఆ పెద్దరికం ముగుస్తుంది. ఇంత ఖచ్చితమైన క్రమం లేకుండా సినిమా తయారు కాదు. కావున ఏ ఎక్కువ తక్కువలూ వద్దు, అందరూ సమానమే, ఎవరి మాటా వినక్కరలేదు అనేవారి వాదన నిలువదు. అటువంటి చోట అందరూ శ్రీవైష్ణవులే గాని బుట్టెడు రొయ్యలు మాయమైనట్లు, పని చెడినప్పుడు అడగడానికి మనిషి దొరకడు.

4. పెద్దదిక్కు పోయినప్పుడు

అయితే షూటింగు చోట చెల్లే క్రమం, షూటింగు వెలుపల కూడా చెల్లాలా? ఇక్కడ ఫిల్మ్ నగర్ అనుభవం మనకు బాగా ఉపకరిస్తుంది.

దర్శకులు దాసరి నారాయణరావు గారిని పరిశ్రమ పెద్దదిక్కుగా భావించేది. పారితోషికం అందని కార్మికుడు, విడుదల ఆగిన నిర్మాత, మనసు నొచ్చుకొన్న నటుడు ఆయన ఇంటికి వెళ్ళేవారు. ఆయన మాటతో ఎన్నో తగవులు తీరినవి. 2017 మే 30న ఆయన మరణించారు. అప్పటినుండి పరిశ్రమకు పెద్ద ఎవరు అన్న ప్రశ్న పత్రికలలో, సభలలో వినిపిస్తూనే వచ్చినది.

ఆంధ్రప్రదేశ్‌లో టిక్కెట్టు ధరల వివాదం ముదిరి ఉన్న రోజులలో, 2022 జనవరి 2న, నటుడు చిరంజీవి గారు ఒక సభలో దీనికి సమాధానం చెప్పారు. పెద్దరికం చేయడం తనకు ఇష్టం లేదని, ఇద్దరు తగవులాడుకొంటే పంచాయతీ చేయబోనని, అయితే కార్మికుల ఆరోగ్యానికి, అవసరానికి బాధ్యత గల బిడ్డగా అండగా ఉంటానని ఆయన మాటల సారాంశము. తరువాత నెలలో టిక్కెట్టు ధరల విషయమై ముఖ్యమంత్రి వద్దకు వెళ్ళినవారిలో ఆయన ముందు ఉన్నారు. అంతకు ముందు 2020లో కరోనా వల్ల షూటింగులు ఆగినప్పుడు కార్మికుల ఇళ్ళకు సరుకులు పంపే నిధిని నడిపినవారిలోనూ ఆయన ముఖ్యులు. అనగా ముందు నడవడానికి ఒప్పుకొన్నారు, తీర్పరి పీఠం మీద కూర్చోవడానికి ఒప్పుకోలేదు.

ఈ సంఘటనను ఎవరి గొప్ప కోసమూ ఇక్కడ చెప్పడం లేదు. దాసరి గారి సహాయం పొందినవారికి అది నిజమైన సహాయమే. మా ప్రశ్న మరొకటి. ఒక మనిషి మంచితనం మీద తగవుల పరిష్కారమంతా ఆధారపడినప్పుడు, ఆ మనిషి పోతే ఏమి మిగులుతుంది? పద్ధతి మిగలదు, రికార్డు మిగలదు. ఫలానా తగవును ఏ ప్రాతిపదికన తీర్చారో వ్రాసిన పుస్తకం ఉండదు. కొత్త పెద్ద కోసం ఎదురుచూపు మాత్రం మిగులుతుంది. మన గ్రామాలలో వినబడే “పెద్దాయన పోయాక” అన్న మాట కూడా ఇదే.

5. ఓటు, ఒప్పందము

ఫిల్మ్ నగర్‌లో రెండవ దారి కూడా ఉన్నది. 1993లో ఏర్పడిన నటీనటుల సంఘంలో పెద్ద హీరోకు ఎంత ఓటో, రెండు మాటల వేషం వేసేవారికీ అంతే ఓటు. 2021 అక్టోబరు 10న జరిగిన ఎన్నికలో మంచు విష్ణు గారికి 381, ప్రకాశ్ రాజ్ గారికి 274 ఓట్లు వచ్చినవి. ప్రచారంలో కటువు మాటలు దొర్లినవి, ఎవరు మనవారు ఎవరు పైవారు అన్న వాదన సాగినది. ఫలితం తరువాత ఓడిన వర్గం తరఫున గెలిచిన 11 మంది రాజీనామా చేశారు. ఎన్నిక ఉంటే అంతా శాంతమేనని మేము చెప్పబోము. అయితే పీఠం ఎవరిదో పెద్దల గదిలో గాక పెట్టెలోని కాగితాల లెక్కతో తేలినది. గడువు తీరగానే మళ్ళీ లెక్క జరుగవలసినదే.

రెండవది 2025 ఆగస్టు సమ్మె. 24 శాఖల సినీ కార్మికుల సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరింది. షూటింగులు ఆగిపోయినవి. పాత అలవాటు వదలలేదు. ఇరు పక్షాలవారూ పెద్దల ఇళ్ళకు వెళ్ళి మొర పెట్టుకొన్నారు. కాని చివరకు 18 రోజుల తరువాత, ప్రభుత్వ కార్మిక శాఖ సమక్షంలో, లిఖితపూర్వకమైన ఒప్పందంతో సమ్మె ముగిసినది. రోజుకు 2000 రూపాయల లోపు వేతనం గలవారికి మూడేళ్ళలో దశలవారీగా 22.5 శాతం పెంపు నిర్ణయమైనది. పెద్దాయన ఒక్క సాయంత్రంలో తీర్చి ఉండేవాడేమో, ఇది 18 రోజులు పట్టినదని ఎవరైనా అనవచ్చును. ఆలస్యం నిజమే. కాని రేపు ఒక నిర్మాత తక్కువ ఇస్తే, లైటు మోసే కార్మికుడు ఆ కాగితం చూపి అడుగవచ్చును. దయగా వచ్చిన దానిని అలా అడుగలేడు.

సినిమా నుండే రాజకీయాలకు వచ్చిన ఎన్.టి. రామారావు గారి ఉదంతం కూడా ఇక్కడ జ్ఞాపకం చేసికొనదగినది. తెరమీద రాముడుగా, కృష్ణుడుగా జనం కొలిచిన ఆయనను 1983లో ఓటుతో గెలిపించారు, 1989లో ఓటుతోనే ఓడించారు, 1994లో మళ్ళీ గెలిపించారు. ఆయన ప్రభుత్వమే 1984లో వంశపారంపర్యంగా వచ్చే కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దు చేసింది. తాతల నాటినుండి సహజమనుకొన్న పెద్దరికం ఒక్క ఉత్తర్వుతో పోయినది. భూమి రికార్డుల విషయంలో చిక్కులు వచ్చినవి, కొత్త ఏర్పాట్లు చేయవలసి వచ్చినది. కాని ఊళ్ళు ఊళ్ళుగానే నిలిచినవి.

6. ఎన్నిక ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. సినీ కార్మికులకు స్వంత ఇళ్ళు ఉండాలని నటులు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి గారు పాటుపడగా మణికొండ దగ్గర చిత్రపురి కాలనీ ఏర్పడినది. అది సహకార సంఘమే. దానికి ఎన్నికైన పాలకవర్గమే ఉన్నది. అయినా ఇళ్ళ కేటాయింపులలో అక్రమాలు జరిగినవని ఆరోపణలు, విచారణలు, కేసులు వచ్చిన సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. ఆరోపణల నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానాలు. మనకు కావలసిన పాఠం ఇది: పాలకుని ఎన్నుకొని ఇంటికి వెళ్ళి పడుకొంటే, ఎన్నికైనవాడు కూడా దొర అవుతాడు.

జర్మనీలో పుట్టిన రాబర్ట్ మిషెల్స్ అనే పండితుడు 1911లోనే ఈ విషయం వ్రాశాడు. సమానత్వం కోసం పెట్టిన సంఘాలలో కూడా కాలక్రమాన అధికారం కొద్దిమంది చేతికి చేరుతుందని, లెక్కలు వారికే తెలుస్తవని, సభ్యులకు తీరిక ఉండదని ఆయన వాదన. దానిని ఆయన ఉక్కు నియమం అన్నాడు. మా అనుభవంలో అది ఉక్కు కాదు, తుప్పు. తుడిస్తే పోతుంది, తుడవకపోతే పేరుకొంటుంది.

7. మన సంఘాలకు అన్వయము

“పాలకవర్గము” అన్న మాటను మనం బోర్డు మీద వ్రాసికొన్నాము. ఆ మాట వలన కొందరు అధ్యక్షులకు తాము పాలకులమన్న భ్రమ కలుగుతూ ఉంటుంది. 1964 నాటి సహకార సంఘాల చట్టం ప్రకారం సంఘంలో అంతిమ అధికారం మహాజన సభదే. అధ్యక్షుని అధికారం నీరటి అధికారం వంటిది. తూము దగ్గర చెల్లుతుంది, తూము దాటి చెల్లదు.

లాక్టోమీటరును చూడండి. దానిని అధ్యక్షుని పాలలో ముంచినా, కూలి మనిషి పాలలో ముంచినా పాల చిక్కదనమే చూపుతుంది. పోసినవారి కులము, హోదా దానికి తెలియవు. వెన్న శాతం యంత్రం కూడా అంతే. అయితే యంత్రం దగ్గర నిలబడిన మనిషి ఉంటాడు. అంకె చీటీ మీద పడకుండా ముందు పుస్తకంలో “మనవారు” అని చూసి వేసే చోట, యంత్రమున్నా దొరతనమే నడుస్తున్నదని గ్రహించాలి. బలహీనునికి రక్షణ కలిగించేది ఇక్కడ రాజు కాదు. అందరి ఎదుట వేసిన అంకె, చేతికి ఇచ్చిన చీటీ, గోడకు అంటించిన లెక్క.

పుట్టుకతో వచ్చిన పెద్దరికం లేకుండా సంఘం నడవగలదనుటకు ముల్కనూరు మనకు దగ్గరి సాక్ష్యము. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద 2000 సంవత్సరంలో అక్కడి మహిళలు స్వకృషి డెయిరీని ప్రారంభించారు. సభ్యులు మహిళలే, పాలకవర్గమూ మహిళలే. ఏ పెద్దమనుషుల జాబితాలోనూ వారికి చోటు లేని కాలమది. మిగులును సభ్యులకు బోనస్‌గా పంచే స్థాయికి ఆ డెయిరీ చేరినది.

నేర్పరి అక్కరలేదని మాత్రం అనుకోరాదు. ఆనంద్‌లో కురియన్ గారి వంటి నేర్పరి లేకపోతే పాల విప్లవం లేదు. కాని ఆయన జీతము తీసికొనే ఉద్యోగిగా ప్రారంభించి, రైతులు ఎన్నుకొన్న త్రిభువన్‌దాస్ పటేల్ గారి అధ్యక్షత క్రింద పనిచేశారు. అంతటి మనిషి కూడా 2006లో గుజరాత్ సమాఖ్య అధ్యక్ష పదవికి రాజీనామా చేయవలసి వచ్చినది. ఆయన వెళ్ళినాక కూడా పాలు రోజూ చేరుతూనే ఉన్నవి. ఒక మనిషి కట్టినది ఎంత గట్టిదో ఆ మనిషి వెళ్ళినాకనే తెలుస్తుంది.

“ఏకగ్రీవం” అన్న మాటను గురించి కూడా ఒక మాట. ఇరవై ఏళ్ళుగా మా అధ్యక్షుడు ఏకగ్రీవమేనని గర్వంగా చెప్పే సంఘాలున్నవి. అది అభిమానం వలన కావచ్చును. భయం వలన కూడా కావచ్చును. పుస్తకంలో రెండూ ఒకే మాటగా వ్రాయబడతవి. తేడా తెలియాలంటే ఒక్కటే పరీక్ష. క్రిందటి మహాజన సభలో ఒక చిన్న సభ్యురాలు లేచి పాల బిల్లు గురించి ప్రశ్న అడిగిందా? అడిగితే మరునాడు ఆమె పాలకు ఎప్పటి వలెనే సరియైన వెన్న శాతం వచ్చిందా?

8. సారాంశము

మనుషులలో నేర్పు సమానంగా ఉండదు. పనిలో ఒకరి మాట మరొకరు వినక తప్పదు. అందువలన పని పెద్దరికం ఎప్పుడూ కావాలి. కాని ఆ పెద్దరికం పుట్టుక నుండి రాలేదు, దేవుని నుండి రాలేదు. పని నుండి వచ్చింది, పనితో ముగియాలి. ఎవరైనా పెద్దరికం చేస్తున్నప్పుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేసికొంటే చాలును. ఈ అధికారం ఇతనికి ఎవరు ఇచ్చారు? ఏ పనికి, ఎన్నాళ్ళకు ఇచ్చారు? లెక్క ఎవరికి చెబుతాడు? మూడింటికీ జవాబు “మహాజన సభ” అయితే అతడు మన నాయకుడు. జవాబు దొరకకపోతే, అతడెంత మంచివాడైనా, మనం తెలియకుండానే ఒక రాజును పోషిస్తున్నామన్నమాట.

అందలం సామెతకు కూడా ఇదే జవాబు. అందలం ఉన్నంత కాలం ఎక్కేవారు, మోసేవారు ఉంటారు. పాల కేంద్రానికి మాత్రం మన సభ్యులందరూ క్యాను పట్టుకొని నడిచే వస్తారు.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘంలో అధ్యక్షుడు ఒక నెల ఊరిలో లేకపోతే ఏ ఏ పనులు ఆగిపోతవి? అవి ఎందుకు ఆగిపోవాలి?

2. గత మూడేళ్ళలో మీ సంఘంలో వచ్చిన తగవులు ఎవరి ఇంటి వద్ద తీరినవి? ఎన్ని మినిట్స్ పుస్తకంలో వ్రాయబడినవి?

3. వెన్న శాతం అంకెను సభ్యులు తమ కళ్ళతో చూస్తున్నారా, లేక టెస్టరు చెప్పగా వింటున్నారా?

4. క్రిందటి మహాజన సభకు వచ్చిన మహిళా సభ్యులెందరు? వారిలో మాట్లాడినవారెందరు?

5. మీ అధ్యక్షుడు ఏకగ్రీవంగా ఎన్నికైతే, పోటీ చేయదలచి మానుకొన్నవారు ఎవరైనా ఉన్నారా? ఎందుకు మానుకొన్నారు?

ఈ చర్చ జరిపి, సారాంశమును మినిట్స్ పుస్తకంలో నమోదు చేసిన సంఘాలలో, వచ్చే తనిఖీ నాడు ఆ పేజీని మేము మొదట చదువుతాము.